ఒక ప్రెషర్ వాల్వు ఆత్మకథ

ఇక్కడ తన చరిత్ర చెప్పుకుంటున్నది ఇత్తడితో, అంటే రాగిలో తుత్తునాగం కలిపిన లోహంతో పోతపోసిన ఒక చిన్న వాల్వు. అది రాణీగంజ్ దుకాణం నుంచి సికింద్రాబాద్ పద్మారావునగర్‌లోని ఒక ఐదంతస్తుల అపార్ట్‌మెంటుకు వచ్చి, కింది అంతస్తు స్నానాల గదిలో 15 లీటర్ల గీజరుకు చన్నీళ్లు ఎక్కే చోట స్థిరపడింది. ట్యాంకులోకి వెళ్లిన నీటిని వెనక్కి రానివ్వకపోవడం, లోపలి ఒత్తిడి తన ఒంటిమీద చెక్కిన 8 బార్ల హద్దు దాటబోతే పక్క మూతి గుండా కాస్త నీటిని బయటికి వదలడం దానికి అప్పగించిన పనులు. సుమారు 10 మీటర్ల ఎత్తున నిలిచిన నీరు అడుగున కలిగించే ఒత్తిడిని ఒక బారు అనుకోవచ్చు. వంశం మాటకొస్తే, 1679లో లండన్ రాయల్ సొసైటీకి ఆవిరి పాత్రను చూపి, తరువాత దానికి బరువుతో నొక్కి ఉంచే మూత అమర్చిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు డెనిస్ పాపిన్ దాకా వెళ్లాలి. ప్రెషర్ కుక్కరు విజిల్ దీనికి దగ్గరి చుట్టం.

ఇంటివారు ఈ వాల్వు మీద మోపిన నేరం కారడం. నేరంలో నిజం ఉంది గాని తీర్పులో తొందర ఉంది. నీరు 20 డిగ్రీల నుంచి 70 డిగ్రీలకు వేడెక్కితే ఘనపరిమాణం సుమారు 2 శాతం పెరుగుతుంది, అంటే నిండు ట్యాంకులో దాదాపు 300 మిల్లీలీటర్ల నీటికి చోటు చాలదు. వెనుదారిని వాల్వే మూసింది కనుక, కుళాయి విప్పకుండా గీజరు వేస్తే, వేడెక్కుతున్నంతసేపూ ఆ నీరు బొట్లుబొట్లుగా రాలుతుంది. వేడి ఆగాక బొట్టు కూడా ఆగితే అది లీకేజీ కాదు, ఉద్యోగధర్మం.

గీజరు చల్లగా ఉన్నా కారుతుంటే సంగతి వేరు. మేడమీది ట్యాంకు నుంచి కింది అంతస్తుకు దిగే నీటి ఒత్తిడి 2 బార్లకు అటూఇటూగానే ఉంటుంది గనుక 8 బార్ల స్ప్రింగు దానికి లొంగే ప్రసక్తి లేదు. ఎండాకాలంలో మంజీర నీళ్లు చాలక బోరు వేసినప్పుడు, రాతిపొరల్లోంచి వచ్చే ఆ కఠిన జలంలోని కాల్షియం లవణాలు వేడికి తెల్లని పెచ్చుగా పేరుకుంటాయి. ఆ పెచ్చో ఇసుక రేణువో వాల్వు కూర్చునే రబ్బరు వాషరు కింద ఇరుక్కుంటే మూత సరిగా పడదు. ఎంసీబీ ఆపి, నీళ్లు చల్లారాక పక్కనున్న చిన్న మీటను రెండు మూడుసార్లు ఎత్తి వదిలితే నీటి ఉరవడికి ఆ రేణువు కొట్టుకుపోవచ్చు. అప్పటికీ ఆగకపోతే యాంగిల్ కాక్ కట్టేసి, అదే ఒత్తిడి అంకె ఉన్న కొత్త వాల్వు వేయించడమే మార్గం. తన పదవీ విరమణను ఈ వాల్వు ఇంతకంటే గౌరవంగా చెప్పుకోలేదు. మూతి నుంచి మరిగే నీరు, ఆవిరి తన్నుకొస్తే మాత్రం తప్పు దీనిది కాదు, వేడిని అదుపు చేయాల్సిన థర్మోస్టాట్‌ది. వెంటనే కరెంటు ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

వీటిలో ఏదీ చూడకుండా, నేల తడుస్తోందని మూతికి డమ్మీ బిగించేవారూ, ఎం-సీల్ పూసేవారూ ఉన్నారు. నేల తడవకుండా ఉండాలంటే మూతికి సన్నని పైపు తగిలించి జాలీలోకి వదిలితే చాలు. మూతి మూసేసిన గీజరుకు, ఆ అడ్డు తీయించేదాకా, స్విచ్ వేయకూడదు.