మందీ వచ్చిన ఇంటికి తలకిందుల సలహాలు

సోలాపూర్ పూర్వభాగంలో మందీ, అంటే గిరాకీ పడిపోయే కాలం, వచ్చిందని తెలియడానికి పేపరు చదవనక్కర్లేదు. రాత్రి తొమ్మిది దాటాక కన్నా చౌక్ నుంచి అశోక్ చౌక్ దాకా నడిస్తే చెవులే చెబుతాయి. ఒక గల్లీలో సాంచాల (మరమగ్గాల) చప్పుడు ఉంటుంది, పక్క గల్లీలో ఉండదు. రెండు పాళీలు నడిచిన కార్ఖానాలో ఒకటే నడుస్తుంది. చప్పుడులోనే నిద్రపట్టే మన పిల్లలకు చప్పుడు ఆగితే మెలకువ వస్తుంది.

మా నాయిన సాంచా మీద చాదర్లు నేశాడు. అవ్వ బీడీలు చుట్టింది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి తాతల కాలంలో నడిచొచ్చిన వేల పద్మశాలి కుటుంబాల్లో మాదీ ఒకటి. 2016 నవంబరులో నోట్ల రద్దు, 2017 జులైలో జీఎస్టీ, 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చాయి. 2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. వచ్చిన దెబ్బ ఏదైనా పెద్దమనుషులు చెప్పిన మాటలు మాత్రం మారలేదు. ఖర్చు బిగించు, ఎక్కువ పని చెయ్యి, తక్కువకైనా అమ్ము, గుట్టుగా ఉండు.

ఒక్క ఇంటికి ఇవి మంచి మాటలే. బస్తీలో ప్రతి ఇల్లూ ఒకే వారం వీటిని పాటిస్తే బస్తీ మొత్తం మునుగుతుంది. అది కళ్ళారా చూశాను కనుక వీటికి ఎదురు సలహాలు రాస్తున్నాను. చదవగానే తప్పుగా తోస్తాయి. అయినా ఒకసారి చివరిదాకా చదవండి.

1. ఖర్చు మొత్తం బిగించకండి

మన ఊరి సరుకు ఏమిటో ఆలోచించండి. చాదరు, టవలు, న్యాప్‌కిన్. చేతిలో డబ్బు తగ్గితే ఎవరైనా ముందుగా వాయిదా వేసేది ఇలాంటివే. పాత దుప్పటి ఇంకో చలికాలం లాగుతుంది, అంచు చిరిగిన టవలు ఇంకో ఏడాది వస్తుంది. ఎక్కడో నాగపూర్‌లోనో హైదరాబాద్‌లోనో లక్ష ఇళ్ళవాళ్ళు ‘ఈ ఏడు వద్దులే’ అనుకుంటే ఇక్కడ బీములు ఖాళీగా ఉంటాయి. వాళ్ళ పొదుపు మన ఆకలి అవుతుంది. అదే పని మనం మన గల్లీలో చాయ్ హోటలుకు, టైలరుకు, పూలమ్మే అవ్వకు చేస్తున్నాం. 1936లో కీన్స్ అనే ఆర్థికవేత్త పెద్ద పుస్తకంలో వివరించిన సంగతి కూడా ఇదే. అందరూ ఒకేసారి దాచుకోబోతే అందరి ఆదాయమూ పడిపోతుంది, చివరికి దాచుకోవడానికే ఏమీ మిగలదు.

కాబట్టి ఖర్చును రెండు పద్దులుగా రాయండి. ఊరు దాటిపోయే డబ్బు ఒక పద్దు: కొత్త ఫోను, బండి కిస్తీ, టీవీలో చూసి కొనే పొట్లాలు. వీటిని నిర్దాక్షిణ్యంగా ఆపండి. గల్లీలోనే తిరిగే డబ్బు రెండో పద్దు: చాయ్, కూరగాయలు, బట్టలు కుట్టించడం, పక్కింటి వదిన చేసే కడక్ రొట్టెలు, పల్లీల చట్నీ. దీన్ని సగం చేయండి, సున్నా చేయకండి. నూలు పున్నమికి మార్కండేయ రథోత్సవం వస్తుంది. అప్పు చేసి పండగ చేయొద్దు. చేతిలో ఉన్నంతలో చేయడం మాత్రం మానొద్దు. ఆ ఒక్క రోజు బేరం మీద నెల గడుపుకునే ఇళ్ళు మన మధ్యే ఉన్నాయి.

2. ఎక్కువ పని చేయకండి, ఉన్న పని పంచుకోండి

కూలి పీసు లెక్కన వచ్చేచోట రేటు పడిపోతే మనిషికి తోచేది ఒక్కటే, ఇంకో రెండు సాంచాలు చూసుకుందామని. పన్నెండు గంటల పాళీ పద్నాలుగు అవుతుంది. ఆర్డర్లే లేని కాలంలో మీరు ఎక్కువ నేసిన ప్రతి మీటరూ పక్కవాడు నేయాల్సిన మీటరు. వాడు ఖాళీ అయితే మీ రేటు ఇంకా పడుతుంది, ఎందుకంటే రేపు మీకంటే తక్కువకు వస్తానని మాలక్ ముందు నిలబడేది వాడే.

కార్ఖానాదారులకూ ఇదే చెబుతున్నాను. పదిమంది ఉన్నచోట ఐదుగురికి సరిపడే పనే మిగిలితే ఐదుగురిని ఇంటికి పంపకండి. పదిమందికీ వారంలో మూడేసి రోజులు ఇవ్వండి. పంపిన మనిషి నెల తిరిగేలోగా భివండికో సూరత్‌కో రైలెక్కుతాడు. ఆర్డరు తిరిగి వచ్చిననాడు జకార్డ్ ఎరిగిన చెయ్యి ఊళ్ళో దొరకదు. 2009లో జర్మనీ ఇలాగే చేసింది. కంపెనీలు మనుషుల్ని తీసేయకుండా గంటలు తగ్గించాయి, పోయిన కూలిలో కొంత ప్రభుత్వం భరించింది. మనకు ఆ సాయం లేదు కాబట్టి సగం కూలి రోజుల్లో కార్మికుడి ఉచల్ కోత ఆపాలి. ముందుగా తీసుకున్న ఆ డబ్బు ఎక్కడికీ పోదు. సగం కూలిలోంచి మళ్ళీ కోస్తే మనిషే పోతాడు.

3. రేటు తగ్గించకండి, బరువు అసలే తగ్గించకండి

గోదాములో సరుకు పేరుకుంటే ప్రాణం కొట్టుకుంటుంది, నాకు తెలుసు. నూలు బాకీ, కరెంటు బిల్లు, కూలి, ఈ మూడూ కలిపి వచ్చిన అంకె కంటే కిందికి అమ్మితే ఆ వారం గడుస్తుంది. తరవాత ఏళ్ళ తరబడి ఆ అంకె మీ మెడకు చుట్టుకుంటుంది. బయటి ఊరి వ్యాపారి మందీని మర్చిపోతాడు, మీరిచ్చిన రేటును మర్చిపోడు. పక్క కార్ఖానావాడికి అదే రేటు చూపించి వాడినీ దించుతాడు.

అంతకంటే పెద్ద తప్పు బరువు తగ్గించడం. టవలులో నూలు తగ్గించి, చాదరులో పోగులు పలచన చేసి పాత రేటుకే అమ్మడం. సోలాపూర్ చాదరుకు, సోలాపూర్ టెర్రీ టవలుకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ గుర్తింపును నిలబెట్టేది బరువు, రంగు నిలకడ, ఏళ్ళ మన్నిక. పానిపట్ వైపు నుంచి వచ్చే చౌక చాదర్లు మన పేరు మీద అమ్ముడుపోతున్నాయని మన వ్యాపారులే మొత్తుకుంటున్నారు. మనమూ పలచగా నేస్తే ఇక తేడా చూపించేది దేనితో? పని లేకపోతే సాంచా ఆపండి. అచ్చులు మార్చుకోండి, బెల్టులు చూసుకోండి, కొత్త డిజైను గీయించండి. ఆగిన సాంచా మళ్ళీ తిరుగుతుంది. పోయిన పేరు తిరిగి రాదు.

4. పెద్ద ఆర్డరును చూసి అన్ని సాంచాలూ అప్పజెప్పకండి

మందీలో దొరికిన పెద్ద ఆర్డరును దేవుడు పంపాడనుకుంటాం. సిరిసిల్లలోని మన బంధువులను అడగండి. 2017 నుంచి బతుకమ్మ చీరల ప్రభుత్వ ఆర్డరు ఆ ఊరికి ఊపిరి పోసింది. 2024లో ఆ ఆర్డరు ఆగినప్పుడు ఊరి సాంచాలు ఒక్కసారిగా ఆగాయి, ఎందుకంటే ఇంకో గిరాకీని వెతుక్కునే అలవాటు అప్పటికే పోయింది. మన ఊళ్ళో స్కూలు యూనిఫాంలు కుట్టే కార్ఖానాలకు 2020లో అదే గతి పట్టింది. బడులు మూతపడితే యూనిఫాం ఎవరికి కావాలి? అమెరికా టవళ్ళ మీదే బతికిన కార్ఖానాలకు 2025లో సుంకం దెబ్బ తగిలింది.

పెద్ద ఆర్డరు తీసుకోండి. మూడో వంతు సాంచాలను మాత్రం చిన్న గిరాకీ మీదే ఉంచండి. పండరిపురం, అక్కల్‌కోట, తుల్జాపూర్ వచ్చే యాత్రికులకు అమ్మే దుకాణాలు, పక్క జిల్లాల సంత వ్యాపారులు, హైదరాబాద్‌లోని మన చుట్టాల కొట్లు. లాభం తక్కువే. అయినా అందరూ ఒకేరోజు మానుకోరు.

5. బంగారం కుదువ పెట్టకండి, అమ్మండి

ఈ మాటకు మా ఇంట్లో నన్ను తిట్టారు. అమ్మితే వస్తువు పోతుంది, కుదువ పెడితే మనదే కదా అంటారు. లెక్క చూడండి. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24. రెండేళ్ళు గడిస్తే అసలులో సగం దాకా వడ్డీయే. మందీ ఎప్పుడు తీరుతుందో తెలియనప్పుడు ఆ వడ్డీ ఏ కూలిలోంచి కడతారు? కట్టలేక చివరికి వస్తువు వేలానికి పోతుంది. కట్టిన వడ్డీ అదనపు నష్టం.

మూడు నెలల్లో కూలి తిరిగి వస్తుందని గట్టిగా తెలిస్తేనే కుదువ పెట్టండి. తెలియకపోతే ఒక చిన్న వస్తువు, ఉంగరమో కమ్మలో, ఆ రోజు రేటుకు బిల్లు తీసుకుని అమ్మండి. పుస్తెల దాకా పోకుండా కాపాడేది ముందుగా అమ్మిన ఆ ఉంగరమే.

6. ఫైనాన్సు కిస్తీ కంటే కిరాణా బాకీ ముందు తీర్చండి

కిస్తీ వసూలుకు వచ్చేవాడు వాకిట్లో కూర్చుంటాడు, గొంతు పెంచుతాడు. కిరాణా శేటు మొహమాటపడి ఊరుకుంటాడు. అందుకే గట్టిగా అడిగినవాడికి ముందు ఇస్తాం. వచ్చే వారం జొన్నలు, నూనె అప్పు పెట్టేది ఎవరు? కిరాణా మూతపడితే గల్లీ మొత్తం ఆకలి పడుతుంది.

కిస్తీ ఎగ్గొట్టమని కాదు. కట్టలేని నెల రాకముందే శాఖకు వెళ్ళి, గడువు పెంచమని రాతపూర్వకంగా అడగండి, నకలు దగ్గర పెట్టుకోండి. అప్పిచ్చినవాళ్ళు ఆగలేరన్న మాట నిజం కాదు. 2020లో రిజర్వు బ్యాంకు అనుమతిస్తే మార్చి నుంచి ఆగస్టు దాకా కిస్తీలు ఆగాయి. వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంది, కనుక ఎంత పెరుగుతుందో కూడా అప్పుడే అడిగి రాయించుకోండి.

ఇంకో పని చేయండి. మీ పొదుపు సంఘం (బచత్ గట్)లోని ఇళ్ళన్నీ హఫ్తా, అంటే వారం కూలి, వచ్చినరోజే తలా కొంత నగదు ఆ శేటు చేతిలో పెట్టండి. ఆ నగదుతో ఆయన జొన్నలు బస్తాల లెక్కన తెస్తే మీకూ చౌకగా పడతాయి. ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో కూలి పోరాటం ఓడిపోయాక, 1844లో 28 మంది, అందులో నేతవాళ్ళూ ఉన్నారు, తలా ఒక పౌను వేసుకుని పిండి, వెన్న, చక్కెర అమ్మే చిన్న కొట్టు తెరిచారు. ప్రపంచ సహకార సంఘాలు తమ పుట్టుకను అక్కడినుంచే లెక్కపెట్టుకుంటాయి.

7. ఎక్కువ బీడీలు చుట్టకండి, చుట్టినవన్నీ రాయించండి

సాంచా ఆగితే ఇల్లు బీడీల మీద నడుస్తుంది. అదే అదనుగా బీడీ కంపెనీవాళ్ళు ఆకు తక్కువిచ్చి లెక్క నిండుగా అడుగుతారు. చాలని ఆకు మన డబ్బుతో కొంటాం, ఛాట్ పేరుతో పక్కన పడేసినవి పోగొట్టుకుంటాం. అప్పుడు అవ్వలు చేసేది రాత్రి ఇంకో ఐదు వందలు చుట్టడం, లేదా ఇంకొకరి కార్డు మీద ఇవ్వడం. ఆ బీడీలకు పీఎఫ్ ఉండదు, గ్రాట్యుటీ ఉండదు. 1966 బీడీ చట్టం ఇంట్లో చుట్టే ఆడమనిషిని కూడా కార్మికురాలిగానే చూసింది. ఆ హక్కుకు ఆధారం మీ కార్డు మీద పడే అంకె ఒక్కటే. ఎనిమిది వందలే చుట్టండి, ఎనిమిది వందలూ మీ పేరునే రాయించండి.

ఆడపిల్ల ఒళ్ళో చాట పెట్టకండి. ‘ఈ ఒక్క ఏడు బడి మానిపిద్దాం’ అన్న మాటతో మొదలై మళ్ళీ బడికి పోని పిల్లలను మా గల్లీలోనే లెక్కపెట్టగలను. ఫీజు కట్టలేకపోతే ఉంగరం అమ్మింది అందుకే అనుకోండి.

8. కష్టం దాచకండి, చాటండి

గుట్టు అన్నది మన కులానికి, మన గల్లీకి పెద్ద విలువ. మందీలో అదే మనల్ని చంపుతుంది.

1949 ఆగస్టులో మన పాత మిల్లు, జూనీ గిర్ణీ, మూతపడింది. 1950 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఆ ఒక్క మిల్లు కోసమే ఆర్డినెన్సు తెచ్చి నిర్వహణను మార్చింది. సరుకు ఉత్పత్తి దెబ్బతినడంతో పాటు, ఒక వర్గం జనంలో తీవ్రమైన నిరుద్యోగం ఏర్పడిందని కూడా కారణంగా రాసింది. దాన్ని సవాలు చేస్తూ ఒక వాటాదారు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. మన గల్లీల పస్తులు దేశం మాట్లాడే సంగతి అయ్యాయి, ఎందుకంటే అవి అందరికీ కనబడ్డాయి. బీడీ చుట్టే ఆడవాళ్ళకు కుంభారి దగ్గర కమ్యూనిస్టు నాయకురాలు గోదుతాయి పరులేకర్ పేరున 10,000 ఇళ్ళు వచ్చాయి. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ చేతులమీదుగా అవి అందాయి. ఏ ఒక్కరూ తన ఇంట్లో కూర్చుని గుట్టుగా ఏడిస్తే వచ్చినవి కావు అవి. మోర్చాలు తీసి, పేర్లు రాయించుకుని, ఏళ్ళ తరబడి అడిగితే వచ్చాయి.

మా నాయిన సంగతి చెప్పి ముగిస్తాను. నేను బడికి పోయే రోజుల్లో ఆయన పని పోయింది. ఇంట్లో చెప్పలేదు. రోజూ పొద్దున్నే అవ్వ కట్టిన డబ్బా పట్టుకుని బయల్దేరి సిద్ధేశ్వర్ తలావ్ గట్టున కూర్చునేవాడు. నాలుగో రోజు మా గల్లీ మనుషులు ఇద్దరు అదే గట్టు మీద, కొంచెం దూరంలో, డబ్బాలతోనే కనబడ్డారట. ఒకరినొకరు చూసి తల తిప్పుకున్నారు. అలా మూడు వారాలు గడిచాయి. చివరికి ఒకాయన లేచి వచ్చి, ‘‘బావా, నీదీ పోయిందా?’’ అన్నాడు.

ఆ రోజు మూడు డబ్బాలూ కలిపి తిన్నారు. మూడింట్లోనూ జొన్నరొట్టె, పల్లీల చట్నీయే. మర్నాడు ముగ్గురూ కలిసే ఒక కార్ఖానాకు వెళ్ళి, ఒక్కరి పని ఉంటే చాలు, ముగ్గురం వంతులవారీగా రోజుకొకరం చేసుకుంటామని అడిగారు. పని దొరికింది. కూలి మూడో వంతే. ఆ ఏడు మా బడి మాత్రం ఆగలేదు.

ఆ మూడు వారాలు తలచుకుని నాయిన చివరిదాకా బాధపడేవాడు. పని పోయినందుకు కాదు, మొదటి రోజే అడగనందుకు. మీ వాకిలి ఎదురుగా ఉన్న ఇంటికి ఈ సాయంత్రమే వెళ్ళండి. వాళ్ళ పని ఎట్లా ఉందో అడగండి, మీది ఎట్లా ఉందో చెప్పండి.