రాయనివ్వని పలక

ఎవరైనా తాము చూసినదీ తెలుసుకున్నదీ తేదీవారీగా, పదిమంది చదివేలా అంతర్జాలంలో రాసుకునే పుస్తకాన్ని బ్లాగు అంటారు. విద్యార్థుల ఇలాంటి రాతవల్ల తరగతి గది స్వరూపమే మారుతుందని విద్యావేత్తలు చెప్పగా విన్న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, అందులోంచి రాతను మినహాయించి మిగిలినదాన్ని మనస్ఫూర్తిగా స్వీకరించింది.

ఆ మిగిలినదాని పేరు ట్యాబ్. 2022 డిసెంబరు 21న, అంటే నాటి ముఖ్యమంత్రి పుట్టినరోజున, ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ అనే కంపెనీ పాఠాలు నింపిన ట్యాబుల పంపిణీ మొదలు కాగా, మరుసటి ఏడాది అదే తేదీన రెండో విడతకు అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి వేదికైంది. జిల్లాకు పేరిచ్చిన మనిషి 1922 ఆగస్టు 22న ఆ చింతపల్లి పోలీసు స్టేషన్ మీదనే దాడి చేసి తుపాకులు పట్టుకెళ్ళాడు గనుక, సర్కారువారి సరంజామా జనం చేతికి వెళ్ళడం ఆ ఊరికి కొత్త కాదు. ఈసారి మాత్రం ఎవరూ దాడి చేయకుండానే వెళ్ళింది.

అయితే తుపాకులకు లేని జాగ్రత్త ఒకటి ట్యాబులకు ఉంది. దాన్ని మొబైల్ డివైస్ మేనేజ్‌మెంట్ అంటారు. పరికరం ఎవరి చేతిలో ఉన్నా పగ్గాలు కార్యాలయం చేతిలోనే ఉండేలా, అనుమతించిన యాప్‌లు తప్ప మరేదీ తెరుచుకోకుండా చేసే తాళమది. పాఠాలను ముందుగానే మెమరీ కార్డులో నింపి ఇచ్చినందున సిగ్నల్ లేని కొండ ఊళ్ళలోనూ అవి నడుస్తాయి. ఈ ముందుచూపును మెచ్చుకోవలసిందే. సిగ్నల్ కావలసింది పంతులుగారి ముఖానికి. 2022 ఆగస్టులో ముఖ గుర్తింపు హాజరు, అంటే ఫోను కెమెరాలో మొహం చూపించి బడికి వచ్చానని రుజువు చేసుకునే పద్ధతి, అమల్లోకి వచ్చాక, పాఠానికి అక్కరలేని టవరు పాఠం చెప్పేవారికి అత్యవసరమైంది.

ఇక భాష. చింతపల్లి ఉన్న కొండ ప్రాంతం మన్యంలో ఎన్నో ఇళ్ళలో కువి, కొండ, ఆదివాసీ ఒరియా వినిపిస్తాయి. ఈ భాషల్లో తెలుగు లిపితో వాచకాలు వేయించి, బహుభాషా విద్య పేరిట చిన్న తరగతుల్లో నేర్పించిందీ ప్రభుత్వ విద్యాశాఖే. ట్యాబులోని పాఠాల్లో కువి జాడ లేదు. పైగా 2024 జూలైలో బెంగళూరులోని జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ బైజూస్ మాతృసంస్థపై దివాలా ప్రక్రియకు ఆదేశించేనాటికి చింతపల్లి విడత పిల్లలు తొమ్మిదో తరగతిలోకి వచ్చారు. కంపెనీ దివాలా తీయవచ్చుగాని మెమరీ కార్డు తీయదన్నది ఈ పథకంలో దక్కిన ఊరట.

ట్యాబుకు వేసిన ఆ తాళం తీసి, బ్లాగులో నచ్చింది రాసుకొమ్మంటే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. హుకుంపేట సంతలో షావుకారు పసుపు ఎంతకు కొన్నాడో, విశాఖలో అదే పసుపు ఎంత పలికిందో ఓ పిల్ల రెండు వరుసల్లో రాస్తే అది గణితం. గర్భిణిని డోలీలో, అంటే కర్రకు కట్టిన గుడ్డ ఊయలలో, ఎంత దూరం మోశారో పటం గీసి చూపిస్తే అది భూగోళం. ఆశ్రమ పాఠశాల సాంబారులో ఏయే పదార్థాలు లేవో తేల్చి చెబితే అది రసాయన శాస్త్రం. తేదీ, ఫొటోతో సహా లోకమంతా చదివే ఇలాంటి హోంవర్కును దిద్దడానికి పాడేరు నుంచి అమరావతి దాకా చాలామంది అధికారులు ఎర్రసిరా పెన్నులు పట్టుకుని కూర్చోవలసి వస్తుంది.