బొజ్జ గణపయ్య పెన్నూ, బొజ్జ కరిగించే పరీక్షా

పరీక్షల కాలం దగ్గర పడితే ఐనవిల్లి సిద్ధి వినాయకుడికి క్షణం తీరిక ఉండదు. స్వామి ముందు లక్ష పెన్నులు పెట్టి పూజ చేస్తారు, ఆనక వాటిని పిల్లలకి పంచిపెడతారు. పదో తరగతి కానివ్వండి, డీఎస్సీ కానివ్వండి, ఆ పెన్నుతో రాస్తే గట్టెక్కుతామని కోనసీమ నమ్మకం. ఇప్పుడా వరుసలో ఓ కొత్తరకం అభ్యర్థిని ఊహించుకోండి. ఒంటికతుక్కున్న నల్ల టీషర్టు, చేతిలో గిలక్కొట్టుకునే ప్రొటీన్ సీసా, వెనకాల మూలపడేసిన బీటెక్. రాయబోయేది సర్టిఫైడ్ పర్సనల్ ట్రైనర్ పరీక్ష. జనం బొజ్జలు కరిగించే అర్హత ప్రసాదించమని సాక్షాత్తూ బొజ్జ గణపయ్యకే దణ్ణం పెట్టుకుంటున్నాడు. స్వామిది పెద్ద మనసు, ఏమీ అనుకోడు. కాకపోతే ఆ పరీక్ష కంప్యూటర్ మీద. పెన్నుతో పనే లేదు.

పరీక్ష మాత్రం అల్లాటప్పాది కాదండోయ్. అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎక్సర్‌సైజ్ వారిదయితే 150 ప్రశ్నలు, మూడు గంటలు. పద్దెనిమిదేళ్ళు నిండాలి, గుండె ఆగిన మనిషికి చేసే సీపీఆర్ నేర్చుకున్నట్టు కాగితం ఉండాలి. ఏ కండ ఏ ఎముకని లాగుతుందో, బీపీ ఉన్నాయనతో ఏం చేయించకూడదో చదువుకోవాలి. మన దేశంలోనూ జాతీయ నైపుణ్యాభివృద్ధి సంస్థ నీడలో ఫిట్‌నెస్ ట్రైనర్‌కి ఏమేం రావాలో రాసిపెట్టారు. అంతా బాగానే ఉంది. ఇవేవీ లేకుండా జిమ్ములో నిలబడి "ఇంకో రెండు కొట్టండి సార్" అంటే అడ్డుకునే చట్టం మాత్రం లేదు. అమలాపురం దాకా మోటారు సైకిల్ నడపాలంటే లైసెన్సు అడుగుతారు. ఎదుటివాడి వెన్నుపూస మీద ఎనభై కిలోలు ఎత్తి పెట్టడానికి అడిగేవాడు లేడు.

అడిగేవాడు లేనిచోట సర్టిఫికెట్లకి కరువుండదు కదా. మూడు గంటలు కూర్చుని రాసింది ఒక రకం. శని, ఆదివారాల్లో భోజనంతో సహా ఇచ్చేది మరో రకం. డబ్బు పంపగానే ఫోన్లోకి వచ్చి వాలేది ఇంకో రకం, దాని మీద బంగారు రంగు ముద్ర అన్నిటికంటే పెద్దదిగా ఉంటుంది. ఇక నాలుగో రకం గోడకి తగిలించక్కర్లేదు, టీషర్టు చేతులు పైకి మడిస్తే చాలు.

మన కుర్రాడు పాపం మొదటి రకమే చదువుతున్నాడు. చదివింది ఎవరి మీదో ఒకరి మీద పరీక్షించాలి కాబట్టి, పెరట్లో కొబ్బరి దింపు తీయడానికొచ్చిన బాబాయ్‌ని పట్టుకున్నాడు.

"బాబాయ్, నీ గుండె గరిష్ఠంగా నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకోవచ్చో తెలుసా? 220లోంచి నీ వయసు తీసెయ్."

"ఏ వయసు తీసెయ్యమంటావు అబ్బాయ్? ఆధార్లో ఒకటుంది, మాయమ్మ చెప్పింది ఒకటుంది."

"సరే, రోజుకి ఎన్ని సెట్లు?"

"ఓ ముప్పై సెట్లు."

"ముప్పై సెట్లా! మధ్యలో రెస్టు?"

"ఆ సెట్టు దిగి ఈ సెట్టు కాడికి నడిసొచ్చే దాకా."

కుర్రాడు నోట్‌బుక్ మూసేశాడు. కాళ్ళకి తాడు బంధం వేసుకుని అరవై అడుగుల చెట్టు ఎక్కి, ఒంటిచేత్తో మానుని కావలించుకుని, రెండో చేత్తో గెల నరికే మనిషికి ప్లాంక్ ఎలా చెయ్యాలో ఎవరు నేర్పుతారు? చెట్టు మీద ఆయనకి సర్టిఫికెట్ లేదు. చెట్టు కింద నించుని కాయలు లెక్కపెట్టుకునే ఆసామికి మాత్రం జిమ్ములో ఏడాది సభ్యత్వం ఉంది. మనవైపు మగాళ్ళకి నడుం కొలత 90 సెంటీమీటర్లు దాటకూడదని డాక్టర్లు చెబుతారు. ఆసామి తొంభైని ఎప్పుడో దాటి, ఆ లెక్క అంగుళాల్లో అనుకుని నిశ్చింతగా ఉన్నాడు.

అయితే చెట్టెక్కడానికి కాగితాలు లేవనుకోకండి. ఎక్కేవాళ్ళు తగ్గిపోతున్నారని కొబ్బరి అభివృద్ధి మండలి 2011లో కేరళలో ఆరు రోజుల శిక్షణ మొదలుపెట్టింది. యంత్రంతో ఎక్కడం నేర్పి, ప్రమాద బీమా కూడా కలిపి ఇచ్చారు. నన్నడిగితే సర్టిఫికెట్ అంటే అదీ. పడితే ఆదుకుంటుంది.

కాగితం గొప్పతనం మన కలియుగ భీముడికీ తెలుసు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు ఛాతీ మీద ఏనుగుని ఎక్కించుకున్నవాడు, కార్లకి గొలుసులు కట్టి కదలకుండా ఆపినవాడు. అంతటి మనిషీ విజయనగరం హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు కావడానికి మద్రాసు వెళ్ళి, సైదాపేటలో ఏడాది శిక్షణ పొంది సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. ఏనుగుని మోసిన ఛాతీ ఉన్నా బడి కొలువుకి కాగితం కావల్సిందే! ఆ తర్వాత ఆయన సర్కస్ పెట్టి దేశదేశాలు తిరిగాడు. మన జిమ్ముల్లో ఆయన ఫొటో ఎక్కడా కనపడదు, పెద్ద ష్వార్జ్‌నెగర్ ఒకాయన ఉంటాడు.

డ్రిల్లు మాస్టారంటే గుర్తొచ్చింది. బడిలో ఆయన పీరియడ్ ఎవరిది? లెక్కల మాస్టారిది. పరీక్షలు దగ్గరపడితే సైన్సు మాస్టారిది కూడా. మైదానంలో కొత్త తరగతి గదులు లేచాయి, మిగిలిన జాగాలో స్కూలు బస్సులు పెట్టారు. పిల్లాడు ఆడుకుంటే ర్యాంకు పోతుందని మనమే దగ్గరుండి ఆ పీరియడ్ అప్పగించేశాం. వాడు ర్యాంకు తెచ్చుకుని, ఉద్యోగం తెచ్చుకుని, నలభై ఏళ్ళకి షుగరు కూడా తెచ్చుకున్నాక, చిన్నప్పుడు ఊరికే దొరికిన డ్రిల్లుని ఇప్పుడు గంటల లెక్కన కొనుక్కుంటున్నాడు. ఆ పీరియడ్ విలువ తెలియాలంటే దూరం పోనక్కర్లేదు, పక్కనున్న అమలాపురం చాలు. బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్ సాయిరాజ్ తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడే. ఆ ఇంటి పిల్లాడు కొట్టిన స్మాష్ గంటకి 565 కిలోమీటర్ల వేగంతో 2023లో గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. మరి ఆ ఇంట్లో డ్రిల్లు పీరియడ్‌ని లెక్కల మాస్టారు లాక్కోలేకపోయినట్టున్నారు.

పోనీ కోనసీమకి కసరత్తు కొత్తా అంటే, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి రండి. మా ఐనవిల్లి మండలంలోని నేదునూరుతో సహా చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పదకొండు ప్రభలు కదులుతాయి. నిలువెత్తు వెదురు ప్రభల్ని భుజాలకెత్తుకుని పచ్చటి వరిచేలల్లోంచి, కౌశిక కాలువ నీళ్ళల్లోంచి మోసుకెళతారు. చేను తొక్కినందుకు రైతు కేకలెయ్యడు, మురిసిపోతాడు. దీన్నే పట్నంలో ఫంక్షనల్ ట్రైనింగ్ అని పేరుపెట్టి, కౌశికకి బదులు ఏసీ పెట్టి, నెలకింతని వసూలు చేస్తారు. మనవాళ్ళు ప్రభలు మోశాక అరిసెలు తింటారు కాబట్టి, దీన్ని కసరత్తంటే ట్రైనర్లు ఒప్పుకోరేమో మరి.

వెక్కిరించాను గానీ, చదువుకుని వచ్చిన ట్రైనర్ మీద నాకేం కోపం లేదు. మోకాళ్ళు అరిగినాయనకి ఏది వద్దో చెప్పగలిగినవాడు, "మీరు ముందు డాక్టర్ని కలవండి" అని ఫీజు వదులుకోగలిగినవాడు దొరికితే, అడిగినంతా ఇచ్చి పెట్టుకోండి. నా పేచీ డబ్బా పొడుల మీద కమీషన్ తినేవాడితో. ఇరవై ఏళ్ళ వాడికీ అరవై ఏళ్ళాయనకీ ఒకటే చీటీ రాసిచ్చేవాడితో. వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడిస్తే చాలావరకు పని జరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఊరికే చెబుతోంది. ముక్తేశ్వరం రేవు దాకా నడవడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు.

అయినా జిమ్ములోనే చేరతానంటారా, చేరండి. ట్రైనర్ కండలు తర్వాత చూద్దురుగాని, ముందు సీపీఆర్ కాగితం చూపించమనండి. పడిపోయిన మనిషి ఛాతీని నిమిషానికి ఎన్నిసార్లు నొక్కాలో అడగండి. 100 నుంచి 120 అని తడుముకోకుండా చెబితేనే ఫీజు కట్టండి. కాగితం మీద తేదీ కూడా చూడండి, సాధారణంగా అది రెండేళ్ళే చెల్లుతుంది.