ఉపయోగం లేని శాస్త్రాలు

సామాజికశాస్త్రాల పని కోసం ఈ దేశంలో పెట్టిన భారీ పద్దుల్లో ఒకటి ఏ విశ్వవిద్యాలయంలోనూ కనిపించదు. పోలవరం డ్యాం అంచనాల్లో కనిపిస్తుంది.

డ్యాం అనగానే కాంక్రీటు, గేట్లు, హెల్మెట్లు పెట్టుకున్న ఇంజినీర్లు కళ్లముందు మెదులుతారు. 2017-18 ధరల మీద వేసి, 2019లో కేంద్ర సలహా సంఘం సరేనన్న అంచనా 55,548 కోట్ల రూపాయలు. అందులో 33,168 కోట్లు భూసేకరణకూ పునరావాసానికీ. అంటే నూటికి దాదాపు అరవై రూపాయలు సిమెంటువి కావు, మనుషులవి. పట్టా లేని పోడు చెక్కకు ధరెంత? పద్దెనిమిది నిండిన పెళ్లికాని కూతురు వేరే కుటుంబమా, తండ్రి లెక్కలో ఒక తలకాయా? ఆ పద్దెనిమిది ఏ తేదీకి నిండి ఉండాలి? ఇప్పచెట్లు మునిగితే ఏటా పోయే రాబడిని ఏ పద్దులో రాయాలి? ఒకటి అర్థశాస్త్రం, ఒకటి సమాజశాస్త్రం, ఒకటి న్యాయశాస్త్రం, చివరిది కామర్సు వాళ్లు తేల్చాల్సిన చిక్కు. ముంపు మండలాల జనం ఈ నాలుగింటినీ కలిపి ‘ప్యాకేజీ’ అంటారు. ప్రభుత్వమూ అంతకు మించి అనదు.

వరదలకు డ్యాం అడుగున ఉండే డయాఫ్రం వాల్ దెబ్బతింటే 2024లో అమెరికా, కెనడాల నుంచి నలుగురు నిపుణులు దిగారు. రావలసిందే, గోడ సామాన్యమైనది కాదు. కుటుంబం దెబ్బతింటే మాత్రం రిజిస్టరు చంకన పెట్టుకుని వీఆర్వో వస్తాడు. గోడది శాస్త్రం, మనిషిది గుమస్తా పని.

ఖమ్మంలో ఎవరింటి పిల్లాడైనా ఎంఏ ఎకనామిక్స్‌లో చేరాడంటే పక్కింటివాళ్లు పరామర్శకు వస్తారు. ఎంసెట్‌లో ఏమైందని నెమ్మదిగా అడిగి, టీ తాగి, “అయినా దీనివల్ల ఉపయోగమేంటండీ?” అని లేస్తారు. పక్కింటివాళ్లు అడిగితే అది బాధలో పాలుపంచుకోవడం. అదే ప్రశ్నను ఢిల్లీలో లెటర్‌హెడ్ మీద అడిగితే దాన్ని పరిశోధన విధానం అంటారు.

2023లో అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ చట్టం వచ్చింది. ఐదేళ్లలో యాభై వేల కోట్లన్నారు. మానవీయ, సామాజిక శాస్త్రాలకూ అందులో చోటుంది, కాకపోతే సైన్సు, టెక్నాలజీలతో అవి కలిసే అంచు వరకే. పెళ్లికి పిలుపు వచ్చింది గానీ పెళ్లికొడుకు తరఫు దూరపు చుట్టంగా వచ్చింది. కాబట్టి కోయల భూమి తగాదాల మీద పనిచేయాలనుకునే అధ్యాపకుడు ముందు డ్రోన్ ఒకటి వెతుక్కోవాలి. భూమి ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి పోయిందని రాస్తే అది ఉత్త సామాజికశాస్త్రం. అదే భూమిని పైనుంచి ఫొటో తీసి, కృత్రిమ మేధతో రంగులేయించి, ఎవరి చేతుల్లో ఉందో రాయకుండా వదిలేస్తే అంచు దొరికినట్టే.

కంపెనీల దయ సంగతీ చూడాలి. 2013 కంపెనీల చట్టం లాభాల్లో రెండు శాతం సమాజానికి ఖర్చుపెట్టమంది. దాని ఏడో షెడ్యూలులో పరిశోధన పద్దు ఉంది. సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగు, వైద్యం అని నాలుగు పేర్లు చెప్పి ఊరుకుంది. ఆ చట్టాన్ని రాసింది న్యాయశాస్త్రం చదివినవాళ్లు, ఆ లాభాన్ని లెక్కగట్టేది కామర్సు చదివినవాళ్లు, వడ్డనలో విస్తరి లేనిది వాళ్లకే. భద్రాచలానికి గోదావరి అవతల సారపాకలో పేపరు మిల్లు ఉంది, కొత్తగూడెంలో సింగరేణి కేంద్ర కార్యాలయం ఉంది. జామాయిల్ వేసిన రైతుకూ మిల్లుకూ మధ్య బేరం ఎలా తెగుతుందో, బొగ్గు గని ఊరి మధ్యకొస్తే ఊరి పెత్తనం ఎవరికి మారుతుందో ఈ రెండూళ్ల మధ్య బస్సెక్కితే చాలు, ప్రశ్నలు కిటికీలోంచి కనిపిస్తాయి. కాగితం ఇక్కడే తయారవుతుంది. దాని మీద ఈ ప్రశ్న రాసేవాడికే డబ్బు పుట్టదు.

ఇక కొత్తగూడెంలోనే 2025లో ఎర్త్ సైన్సెస్ విశ్వవిద్యాలయం వచ్చింది. పాత మైనింగ్ కాలేజీకి అది న్యాయమైన పదోన్నతే. పేరు డాక్టర్ మన్మోహన్ సింగ్‌ది. ఆర్థికశాస్త్రం చదివి, చెప్పి, దానితోనే దేశాన్ని నడిపిన మనిషి పేరు రాళ్ల చదువు నెత్తిన పెట్టారు. కావాలని చేసిన వ్యంగ్యం కాదు. కావాలనుకున్నా ఇంత బాగా కుదరదు.

ఉపయోగం ఏమిటని ఇంత గట్టిగా నిలదీయని పాలకుడు ఒకాయన ఈ నేలమీద ఉండేవాడు. ఆయన ప్రజాస్వామ్యవాది కూడా కాదు, నిజాం. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం తుపాకి గుళ్లకు ఒరిగాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని సర్కారుకు తోచింది. కాల్చాక కారణం అడగడం సర్కార్లకు పాత అలవాటు. ఆ పని వియన్నాలో పుట్టిన క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ చేతికొచ్చింది. ఆయన జేబులో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. అవతల యుద్ధం. హైదరాబాద్ రాజ్యం పొలిమేర దాటొద్దని బ్రిటిషువాళ్ల కట్టడి. అలాంటి మనిషిని అడవుల్లో తిరగనిస్తే చెంచుల మీద 1943లో, కొండరెడ్ల మీద 1945లో, రాజ్‌గోండుల మీద 1948లో పుస్తకాలు వచ్చాయి. గోండులకు పట్టాలు వచ్చాయి, మార్లవాయిలో గోండు పంతుళ్లకు శిక్షణ కేంద్రం వచ్చింది. కొండరెడ్ల పుస్తకం పాపికొండల గురించే. ఇంగ్లీషులో ‘అడవిదున్నల కొండలు’ అని పేరు పెట్టాడు. ఆయన తిరిగిన గోదావరి ఒడ్డు ఇవాళ ముంపు పటంలో ఉంది. అక్కడి జనం ఒకప్పుడు ఎలా బతికారో చెప్పే గట్టి ఆధారాల్లో ఒకటి, ఉపయోగం గట్టిగా అడగకుండా ఇచ్చిన డబ్బుతో రాసిన ఆ పుస్తకం.

స్వేచ్ఛగా తిరగగలిగిన నేటి స్కాలరుకు ఆ వైభోగం లేదు. 2013లో ఖమ్మం పీజీ కళాశాలలో చదివిన అమ్మాయి ఒకతె కూనవరం నిర్వాసితుల మీద పీహెచ్‌డీకి చేరిందనుకుందాం. ఆ ఊరు 1959 దాకా తూర్పుగోదావరి, తర్వాత ఖమ్మం. 2014లో ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి, 2022లో కూనవరం అల్లూరి సీతారామరాజు జిల్లాలో తేలింది. సినాప్సిస్ నాడు సొంత జిల్లాలో ఉన్న ఊరు థీసిస్ నాటికి పక్క రాష్ట్రం. ఇక్కడి ప్రభుత్వానికి అది మన సమస్య కాదు, అక్కడి ప్రభుత్వానికి ఆమె మన స్కాలరు కాదు. ఆ ఊళ్లో మాత్రం అదే చింతచెట్టు, అదే గోదారి, 2022 జులైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటి వచ్చిన అదే నీళ్లు.

ఏ విషయం మీద పరిశోధించాలో పైవాళ్లే చెబితే బాగుంటుందన్న ప్రయత్నాలూ జరిగాయి. 2016లో గుజరాత్ ప్రభుత్వం పీహెచ్‌డీలకు 82 అంశాల జాబితా పంపింది, అందులో ప్రభుత్వ పథకాలు మెండు. 2019లో కేరళ కేంద్రీయ విశ్వవిద్యాలయం జాతీయ ప్రాధాన్యాలున్న విషయాలే తీసుకోవాలని సర్క్యులర్ ఇస్తే, ఒక ప్రొఫెసర్ పాఠ్యమండలికి రాజీనామా చేశారు. తెలుగునాట అంత శ్రమ అక్కర్లేదు. తెలంగాణ రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో అధ్యాపక పోస్టులు సగానికి పైగా ఖాళీ. గైడే లేనప్పుడు అంశం ఏదైతేనేం?

నేరం అంతా అటువైపే ఉందని కాదు. ‘ఫలానా మండలంలో గిరిజనుల సామాజిక, ఆర్థిక స్థితిగతులు: ఒక అధ్యయనం’ అనే థీసిస్ తెలుగు రాష్ట్రాల్లో ఎన్నిసార్లు పుట్టిందో ఆ గిరిజనులకే తెలియాలి. మండలం పేరు మారితే కొత్త డాక్టరేటు. అరవై ప్రశ్నల పత్రం, పై చార్టు, చివర ‘విద్యావకాశాలు మెరుగుపరచాలి’ అనే సూచన. నెట్ లేనివాళ్లకు కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ఇచ్చే నెలకు ఎనిమిది వేల ఫెలోషిప్పుతో ఇంతకు మించి అడగడం కూడా భావ్యం కాదు. ఆ ఎనిమిది వేలను కూడా ఆపబోతే 2015లో ఢిల్లీలో విద్యార్థులు యూజీసీ వాకిట్లో పడుకున్నారు.

రాసింది ఎక్కడ అచ్చేయించాలన్నది మరో తతంగం. ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో ప్రచురణలకు స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ లెక్కలే కొలమానం. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపాల్సిన 1/70 చట్టం ఉండగానే కోయ రైతు భూమి ఎలా చేజారిందో ఆ రైతుకు చదివి వినిపించగల భాషలో రాస్తే వచ్చే మార్కులు సున్నా. డబ్బు పుచ్చుకుని అచ్చేసే దుకాణాలు ఈ కరువులోనే బలిశాయి. హైదరాబాద్‌లో పుట్టిన ఓమిక్స్ మీద 2019లో అమెరికా కోర్టు ఐదు కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని తీర్పిచ్చింది. అంతకు ముందు ఏడాదే యూజీసీ తన సొంత జాబితాలోంచి 4,305 పత్రికలను కొట్టేసింది. కొట్టేశారంటే అంతకు ముందు రాసుకున్నారనే కదా.

ఏజెన్సీ భూముల అక్రమ సేకరణ మీద 2007లో ఈపీడబ్ల్యూ పత్రికలో వచ్చిన గట్టి వ్యాసం రాసింది ఏ న్యాయశాస్త్ర శాఖాధిపతీ కాదు, కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పి మానేసి, తర్వాత లాయరైన బాలగోపాల్. ఏజెన్సీలో ప్రైవేటు గనుల లీజులు చెల్లవని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో. పరిశోధన జరుగుతూనే ఉంది, విశ్వవిద్యాలయం గేటు బయట.

సర్కారుకు లెక్కలు కావలసిన రోజులు లేకపోలేదు. రిజర్వేషన్ల కేసుల్లో కోర్టు ‘గణాంకాలేవీ?’ అనగానే పరుగు మొదలవుతుంది. 2014 ఆగస్టు 19న తెలంగాణ మొత్తం ఇళ్లలో కూర్చుని ఒక్క రోజులో సమగ్ర సర్వేకు వివరాలు చెప్పేసింది. పూర్తి నివేదిక ఇంకా జనం ముందుకు రాలేదు. పదేళ్లకు, 2024లో, మళ్లీ ఎన్యూమరేటర్లు తలుపు తట్టారు.

కూనవరం స్కాలరు దగ్గరికి వద్దాం. చివరికి ఆమెకు చిన్న గ్రాంటు వచ్చిందనే అనుకుందాం. కొండరెడ్ల గూడేనికి నాటు పడవలో పోయిరావాలి. పడవవాడు రానుపోను డబ్బు తీసుకుంటాడు గానీ జీఎస్టీ నంబరున్న బిల్లు ఇవ్వడు. ఆ నంబరేమిటని అడిగితే తెడ్డు ఆపి చూస్తాడు. బిల్లు లేనిదే వినియోగ ధ్రువపత్రం (యూసీ) లేదు, యూసీ లేనిదే రెండో విడత లేదు. ఖమ్మం తిరిగొచ్చాక ఆమె వైరా రోడ్డులో ఒక కంప్యూటర్ షాపుకు వెళుతుంది. అనుభవజ్ఞుడైన గైడు చెప్పినట్టే ప్రింటరు టోనర్లకు బిల్లు రాయిస్తుంది. ఆడిట్ సాఫీగా ముగుస్తుంది. విశ్వవిద్యాలయం ఫైళ్ల ప్రకారం ఆ ఏడాది కొండరెడ్ల అధ్యయనానికి మూడు టోనర్లు ఖర్చయ్యాయి. గోదావరి దాటిన దాఖలా లేదు.