దోమకు అణా

దోమల గురించి సలహా చెప్పని తెలుగువాడు ఉంటాడని నేననుకోను. మారేడుమిల్లి నుంచి వచ్చి ఇన్నాళ్లయినా మోచేతుల మీద దద్దుర్లు తగ్గలేదు. గోక్కుంటూ కనబడితే చాలు, దారిన పోయేవాళ్లు కూడా ఆగి మరీ చెబుతున్నారు. వెల్లుల్లి నమిలి వెళ్లాల్సిందంటాడు మందుల షాపు కుర్రాడు, మందులమ్మేవాడయి ఉండీ. బి విటమిన్ బిళ్లలు వేసుకుంటే దోమ దరిదాపులకు రాదంటుంది పై వాటా ఆవిడ. రెండూ పనిచేయవని పరీక్షలు చేసి తేల్చారని చెబితే, "అవన్నీ ఫారిన్ దోమల మీద చేసుంటారండీ" అంది. వీధి చివర మాస్టారైతే "మీ రక్తం తీపి, అందుకే" అని తేల్చేశారు. ఆ ముక్క విన్న దగ్గర్నుంచీ మా ఆవిడ నా కాఫీలో పంచదార మానేసింది. కుట్టింది దోమ, పత్యం నాకు.

ఈ విహారయాత్రకు కర్త మా బావమరిది. సెలయేటి అంచున టెంటు, మధ్యలో నెగడు, రాత్రికి బొంగు చికెన్. ఘాట్ రోడ్డు, వాంతులు, సిగ్నల్ దొరకని ఫోన్లు, బొంగు చీల్చేటప్పుడు అందరూ తీసిన ఒకే వీడియో... ఇవన్నీ మీకు తెలిసినవే, వదిలేస్తున్నాను.

సెలయేరు మాత్రం వదలను. ఎందుకంటే 'సెలయేటి వైపు టెంటు' అన్నందుకు మా దగ్గర అదనంగా తీసుకున్నారు. దోమలంటే మురుగు కాలవ సంతానమని మనకో గట్టి నమ్మకం. పట్నంలో రాత్రంతా నిద్ర చెడగొట్టే క్యూలెక్స్ విషయంలో అది నిజమే. కానీ కొండల్లో మలేరియా మోసే ఎనాఫిలిస్ దోమల్లో ఫ్లువియాటిలిస్ అని ఒక జాతి ఉంది. దానికి మురుగు గిట్టదు. మెల్లగా పారే తేట నీళ్లు, గట్టున కాస్త పచ్చగడ్డి కావాలి. సీనరీ చూసుకుని మరీ గుడ్లు పెడుతుంది. అంటే మేము పైసలు ఎక్కువిచ్చి దాని పురిటింటి గుమ్మంలో పడకలు వేసుకున్నామన్నమాట.

పొద్దు వాలాక బావమరిది ఫోనులో ఒక యాప్ తెరిచాడు. మనిషి చెవికి వినబడని మోతతో దోమల్ని తరుముతుందట. ఈ మోత యంత్రాలు దండగని పరిశోధకులు ఏనాడో చెప్పారు. దోమలకూ కబురు అందినట్టుంది, ఒకటి వచ్చి ఆ ఫోను తెర మీదే కూర్చుంది. తర్వాత కాపలా మనిషి పచ్చి వేపాకు తెచ్చి పొగ వేశాడు. పొగ ఉన్నంతసేపూ అక్కడ దోమల్లేవు. మేమూ లేము, కళ్లు నులుముకుంటూ దూరంగా నిలబడ్డాం. దోమల బ్యాటు ఛార్జింగ్ దారిలోనే అయిపోయింది, పిల్లలు కారులో దాంతో టెన్నిస్ ఆడటం వల్ల.

ఒంటికి రాసుకునే క్రీము పనిచేస్తుంది, అబద్ధమాడను. అందులో ఉండే డీట్ 1944లో అమెరికా సైన్యం తన సిపాయిల కోసం తయారు చేయించుకున్న మందు. చిక్కు మందుతో కాదు, మనతో. కనబడే చర్మమంతా పట్టించమని ట్యూబు మీద రాసి ఉంటే, మా అత్తగారు ఇంటిల్లిపాదికీ ఒకటే ట్యూబు పట్టుకుని పేరంటంలో గంధం పూసినట్టు తలా ఒక చుక్క పెట్టుకొచ్చారు. చుక్క ఉన్నచోట దోమ కుట్టలేదు. పైగా డీట్‌కు ప్లాస్టిక్ పడదు. అదే చేత్తో సర్దుకున్న పాపానికి బావమరిది చలవ కళ్లద్దాల ఫ్రేము జిగురై వేళ్లకు అంటుకుంది.

ఇక టెంటు. జిప్పు వేస్తే దోమ బయటే ఉంటుందని సిద్ధాంతం. అది లోపలికి వచ్చాకే మనం జిప్పు వేస్తామన్నది అనుభవం. దోమకు దొరక్కుండా మిగిలిన చోట్లు నుసుములు చూసుకున్నాయి. వాటికి జిప్పుతో పనే లేదు, తెర కన్నాలే సింహద్వారాలు.

నిద్ర పట్టక చీకట్లో పడుకుని నేను హుసేన్‌ఖాన్ గురించి ఆలోచించాను. రొనాల్డ్ రాస్ అందరికీ తెలుసు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ పొట్ట కోసి, అందులో మలేరియా క్రిమిని పట్టుకున్న డాక్టరు. బేగంపేటలో ఆయన పేరున ఒక భవనం కూడా ఉంది. పంకా లాగిస్తే కోసిన దోమ ముక్కలు ఎగిరిపోతాయని ఉక్కలోనే కూర్చునేవాడు. చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. ఆ దోమలకు భోజనం పెట్టిన రోగి పేరు హుసేన్‌ఖాన్. కడుపునిండా తాగిన దోమ ఒక్కింటికి అతనికి ముట్టిన కూలి ఒక అణా.

రూపాయికి పదహారు దోమలు! చటుక్కున లేచి కూర్చున్నాను. ఈ టెంటులో తెల్లారేలోగా రెండు వందల దోమలు తాగుతాయనుకున్నా పన్నెండున్నర రూపాయలు. 1897లో అది చిన్న డబ్బు కాదు. అదే పనికి హుసేన్‌ఖాన్ పుచ్చుకున్నాడు, మనం ఎదురిస్తున్నాం. ఈ మాట పైకి అనడమే తడవు, బావమరిది కూడా లేచాడు. వాడు వృత్తిరీత్యా పన్నుల లెక్కలు చూసేవాడు.

"సగం తాగి ఎగిరిపోయిన దోమకి అర్ధణా ఇవ్వాలి కదా బావా?"

"నిండా తాగిన దానికేరా అణా."

"ఒకే దోమ నిన్ను కొంచెం, నన్ను కొంచెం తాగితే?"

"చెరి అర్ధణా."

"మగదోమలు కుట్టవు. వాటిని ముందే తీసేయాలి, లేకపోతే ఆడిట్‌లో దొరికిపోతాం."

చంపిన దోమకు కూలి వస్తుందా, రాదా అన్న దగ్గర చాలాసేపు ఆగాం. రాస్‌కు కావలసింది బతికున్న దోమ కాబట్టి రాదని నేను. అరచేతిలో రక్తం మరక రసీదుతో సమానం కాబట్టి వస్తుందని వాడు. ఆ రక్తం నీదేనని రుజువేమిటన్నాను. టార్చి వేసి చెయ్యి చూపించాడు. పిల్లలకు అర టిక్కెట్టా, పూర్తి అణానా? కుట్టించుకోవడం సేవల కిందికి వస్తుందా, సరుకు సరఫరా కిందికి వస్తుందా? జీఎస్టీ ఎంత? ఇంతలో పక్క టెంటులోంచి మా అత్తగారి గొంతు.

"అల్లుడుగారూ, నన్ను కుట్టినవి మీ లెక్కలో కలపకండి. నా పేరున విడిగా రాయండి."

పొద్దున బిల్లు వచ్చింది. అణా తగ్గించలేదు సరికదా, అడుగున 'దోమల కాయిల్' అని ఒక పద్దు అదనంగా ఉంది.

నవ్వుకున్నంతసేపు నవ్వుకున్నాం కానీ, హుసేన్‌ఖాన్ అక్కడికి సరదాకు పోలేదు. జ్వరంతో ఉన్న మనిషి. జ్వరం ఉంది కాబట్టే పనికొచ్చాడు. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. ఇతనికి వచ్చినవి అణాలే.

రాత్రి పొగ వేసిన కాపలా మనిషి కొండరెడ్డి. మిమ్మల్ని కుట్టవా అని అడిగితే, "కుట్టకేం బాబూ, చలిజ్వరం వత్తాది, పోతాది" అన్నాడు. ప్రభుత్వం ఇచ్చిన దోమతెర ఇంట్లో పిల్లల మీద కట్టి వచ్చాడట. తను మాత్రం తెల్లవార్లూ నెగడు దగ్గరే కూర్చున్నాడు. ఆ నెగడు ఆరకుండా చూడమని పురమాయించింది మేమే. 1879లో ఈ కొండల్లో లేచిన రంప పితూరీని అణచడానికి వచ్చిన మద్రాసు సిపాయిల్లో ఎంతోమందిని పడగొట్టిన జ్వరమది. సిపాయిలు వెళ్లిపోయారు, మేమూ కారెక్కి వచ్చేశాం. దద్దుర్లంటూ నేను చేస్తున్న ఈ గోలంతా అతనికి వినబడదు గనక సరిపోయింది.

వెళ్లేవాళ్లు వెళ్లండి, అడవి బాగుంటుంది. సెలయేటి పక్కన కాకుండా గాలి ఆడే మెట్ట మీద టెంటు అడగండి. గాలి గట్టిగా వీస్తే దోమ సరిగా ఎగరలేదు. లేతరంగు పొడుగు చేతుల చొక్కా వేసుకోండి, మనిషికో క్రీము ట్యూబు కొనండి. తిరిగొచ్చిన తర్వాత కొన్ని వారాల్లోపు చలితో జ్వరం వస్తే సొంత వైద్యం మాని, ఏ ఊరు వెళ్లొచ్చారో డాక్టరుకు ముందే చెప్పి, ఆ రోజే మలేరియాకు రక్తపరీక్ష చేయించుకోండి.