మ్యూట్ నొక్కాక విన్నవి

నాకు కాళ్లు మూడు. ఒక్కో కాలి చివర ఒక్కో చెవి. నోరు మాత్రం నడుమ ఒకటే. మీటింగ్ రూమ్ బల్ల మధ్యలో చతికిలబడి ఉంటాను. హైదరాబాద్ ఆఫీసుల్లో నా జాతిని స్పైడర్ ఫోన్ అంటారు. మాలో మొదటిదాన్ని పాలికామ్ కంపెనీ 1992లో బజారుకు తెచ్చింది. అంతకుముందు స్పీకర్ ఫోన్లలో ఒకరు నోరు తెరిస్తే అవతలివాళ్ల మాట తెగిపోయేది. నా నోట్లోంచి వెళ్లిన శబ్దాన్ని, నా చెవుల్లో మళ్లీ పడేదాంట్లోంచి తీసేయడం నాకు తెలుసు. అందుకే రెండు ఖండాల మనుషులు ఒకరి మాట మీద ఒకరు మాట్లాడినా ఇద్దరికీ వినిపిస్తుంది. పన్నెండు వేల కిలోమీటర్లకు పైగా అవతల కూర్చున్న మనిషికి ఒక ఉద్యోగాన్ని మొత్తం నోటి మాటతోనే అప్పగించగలిగారంటే అందులో నాకూ పాలుంది. ఆ అప్పగింతలు ఎలా జరిగాయో చెప్పడానికే ఈ కథ.

నేను పనిచేసింది అమెరికాలో, కనెక్టికట్ రాష్ట్రం హార్ట్‌ఫర్డ్‌లో. అది బీమా కంపెనీల ఊరు. మా కంపెనీ పాలసీలన్నీ ఒక మెయిన్‌ఫ్రేమ్ మీద కోబాల్ ప్రోగ్రాముల్లో ఉండేవి. పగలు ఏజెంట్లు తెరల మీద పని చూసుకునేవారు. రాత్రి బ్యాచ్ నడిచేది. ప్రీమియంలు, రెన్యువళ్లు, కమిషన్లు, అన్నీ తెల్లారేలోపు తేలాలి. ఎక్కడైనా అబెండ్ అయితే, అంటే ప్రోగ్రాము మధ్యలో ఆగిపోతే, దాన్ని చూసుకునే టీములో ఎవరో ఒకరి ఇంట్లో ఫోను మోగేది. ఎక్కువసార్లు మోగింది ఒకే ఇంట్లో.

ఆవిడ పేరు చెప్పను. యాభై దాటిన మనిషి, ఆ ప్రోగ్రాముల్లో సగం తన చేత్తో రాసింది. 2000 సంవత్సరం వస్తోందంటే తేదీల్లో రెండంకెలున్న ప్రతి చోటూ వెతికి సరిచేసింది, ఆ డిసెంబరు 31 రాత్రి ఆఫీసులోనే ఉండిపోయింది. ఆ పని మీదే మన తెలుగు కుర్రాళ్లు వేలమంది మొదటిసారి అమెరికా విమానం ఎక్కారు. అమీర్‌పేటలో కోబాల్, జేసీఎల్ నేర్చుకుని వచ్చినవాళ్లను ఆవిడ తన పక్క సీట్లో కూర్చోబెట్టుకుంది. అప్పుడు ఎవరి పనీ ఎవరూ లాక్కోలేదు. అందరికీ సరిపోయేంత పని ఉండేది.

2014 శరదృతువులో ఒక ఉదయం టీము మొత్తాన్ని నా గదికి పిలిచారు. ఎవరో పైఅధికారి నా ద్వారానే మాట్లాడాడు, వేరే ఊరి నుంచి. అప్లికేషన్ల నిర్వహణను ఒక భారతీయ సర్వీసెస్ కంపెనీకి ఇస్తున్నామన్నాడు. చలికాలం ముగిసేలోగా ఈ ఉద్యోగాలుండవన్నాడు. అప్పటిదాకా ఉండి కొత్తవాళ్లకు పని నేర్పితే సెవరెన్స్, అంటే ఉద్యోగం పోయినందుకు పరిహారం, ఇస్తామన్నాడు. నేర్పకుండా వెళ్లిపోతే ఆ డబ్బు రాదు. కంపెనీ గురించి బయట చెడ్డగా మాట్లాడకూడదని కాగితం మీద సంతకం కూడా పెట్టాలి. ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అడిగాడు. ఒకాయన, మా అమ్మాయికి ఇంకా రెండేళ్ల కాలేజీ ఉంది అన్నాడు. అది ప్రశ్న కాదు కాబట్టి జవాబు రాలేదు.

మర్నాటి నుంచి కేటీ, అంటే నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్, మొదలైంది. హార్ట్‌ఫర్డ్‌లో పొద్దున్న ఎనిమిదంటే, నవంబరు దాటాక, హైదరాబాద్‌లో సాయంత్రం ఆరున్నర. అటువైపు ఐదారుగురు కుర్రాళ్లు, ఇటువైపు ఆవిడ, పక్కన ఆన్‌సైట్‌గా వచ్చిన గుంటూరు అబ్బాయి. మొదట ఆవిడ చెబుతుంది, వాళ్లు రాసుకుంటారు. తర్వాత రివర్స్ కేటీ, నేర్చుకున్నది వాళ్లు తిరిగి ఒప్పజెప్పాలి. తర్వాత షాడో: ఆవిడ పని చేస్తుంటే వాళ్లు చూస్తారు. ఆ తర్వాత రివర్స్ షాడో: వాళ్లు చేస్తుంటే ఆవిడ చూస్తుంది. ప్రతి మెట్టుకూ ఒక ఎక్సెల్ షీటు, అందులో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. అన్నీ ఆకుపచ్చగా మారిన రోజు సైనాఫ్, అంటే ఆవిడ ఉద్యోగానికి ఆఖరి రోజు. తన గడువును తన నోటితోనే దగ్గరికి తెచ్చుకోవాలి. మనిషిని తీసేయడంలో నేను విన్నవాటిలో ఇంత క్రూరమైన ఏర్పాటు లేదు. ఒక్కసారి పిలిచి పొమ్మనడం దీనికన్నా దయగల పని.

మ్యూట్ నొక్కితే నా కాళ్ల మీద దీపాలు ఎర్రగా వెలుగుతాయి. గదిలో మాట అవతలికి పోదు, నాకు మాత్రం వినిపిస్తుంది. ఆ చలికాలం అంతా ఎర్రదీపాల కింద ఏమేం విన్నానో! ఇంటి అప్పు వాయిదాలు. భార్యకు కీమోథెరపీ నడుస్తున్న ఒకాయన ఆరోగ్యబీమా లెక్కలు. ఉద్యోగంతోనే ఆ బీమా పోతుంది, అదే ప్రీమియం తర్వాత సొంత జేబులోంచి మొత్తం కట్టుకోవాలి. యాభై ఎనిమిదేళ్లకు కోబాల్ తెలిసినదాన్ని ఎవరు తీసుకుంటారని ఆవిడ ఒక్కసారే అంది. ఆ వెంటనే మ్యూట్ తీసి, "సారీ, ఎక్కడిదాకా వచ్చాం?" అని అదే గొంతుతో పాఠం సాగించింది.

అమెరికన్లు వెళ్లిపోయాక గదిలో తెలుగు వినిపించేది. ఒకరోజు హైదరాబాద్ నుంచి వరంగల్ కుర్రాడు అడిగాడు. "అన్నా, ఆమె జాబ్ నిజంగనే పోతదా? మరి మనకెట్ల నేర్పిస్తున్నది?"

"నేర్పకపోతే డబ్బులివ్వరంట రా."

"మనం తప్పు చేస్తున్నమా అన్నా?"

గుంటూరు అబ్బాయి చాలాసేపు ఊరుకున్నాడు. "నేను కాదంటే ఇంకొకణ్ని పంపుతారు. నా వీసా కంపెనీ చేతిలో ఉంది, ఇల్లు తనఖా పెట్టి మా నాన్న నన్ను చదివించాడు. నువ్వు బాగా నేర్చుకో. ఆవిడ చెప్పిందాన్ని పాడుచేస్తే అదీ తప్పే."

అతని మాటలో అబద్ధం లేదు. ఆ రోజుల్లో హెచ్‌-1బీ వీసా మీద ఉన్నవాడి ఉద్యోగం పోతే ఒక్కరోజు గడువు కూడా ఉండేది కాదు. 60 రోజుల వెసులుబాటు 2017లో గానీ రాలేదు. గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ ఏడు శాతానికి మించి పోకూడదన్న నియమం వల్ల మనవాళ్ల క్యూ ఏళ్లకేళ్లు సాగుతుంది. అంతకాలం ఎదురు మాట్లాడలేని మనిషి దొరికితే యజమానికి అంతకన్నా ఏం కావాలి? ఇటు ఆవిడను సెవరెన్స్‌తో కట్టేశారు, అటు ఇతణ్ని వీసాతో. అయినా బయట టీవీల్లో మాత్రం వీళ్లిద్దరినే ఒకరికొకరు శత్రువులుగా చూపించారు. అది నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది.

మా గదిలో జరిగింది వింత కాదు. అదే ఏడాది అక్టోబరులో ఫ్లోరిడా ఓర్లాండోలో డిస్నీ దాదాపు 250 మంది టెక్నాలజీ ఉద్యోగులకు ఇలాంటి కబురే చెప్పింది. వాళ్లలోనూ చాలామంది తమ స్థానంలోకి వచ్చినవాళ్లకు పని నేర్పాకే బయటికొచ్చారు. 2017 ఫిబ్రవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, ప్రభుత్వ విద్యాసంస్థ, ఇదే దారిలో తన ఉద్యోగులను పంపేసింది. డిస్నీ మాజీ ఉద్యోగి ఒకాయన 2016 ఫిబ్రవరిలో సెనేట్ సబ్‌కమిటీ ముందు కూర్చుని కన్నీళ్లతో తన గోడు చెప్పుకున్నాడు. కోర్టుకెక్కిన డిస్నీ మాజీ ఉద్యోగుల కేసులను 2016 అక్టోబరులో ఫెడరల్ జడ్జి కొట్టేశారు.

కంపెనీలు ఇదంతా ఎలా చేయగలిగాయో అర్థం కావాలంటే 1998 నాటి అమెరికా చట్టం చూడాలి. సిబ్బందిలో హెచ్‌-1బీ వాళ్లు ఎక్కువగా ఉన్న కంపెనీలు, అమెరికన్ల ఉద్యోగాలు తీసేసి వీళ్లను పెట్టబోమని హామీ ఇవ్వాలి. కానీ ఏడాదికి 60,000 డాలర్లు జీతమిస్తే, లేదా ఆ మనిషికి మాస్టర్స్ డిగ్రీ ఉంటే, ఆ హామీతో పనిలేదు. 1998లో 60,000 పెద్ద జీతమే. ఆ అంకెను ఆ తర్వాత ఎవరూ పెంచలేదు. మా టీములో కాస్త అనుభవమున్న ఎవరి జీతమైనా దానికి చాలా పైన ఉండేది. తలుపు చట్టమే తెరిచి ఉంచింది, కంపెనీలు లోపలికి నడిచాయి. సెనేటర్లు డర్బిన్, గ్రాస్లీ, ఒకరు డెమొక్రాట్, ఒకరు రిపబ్లికన్, ఈ తలుపు మూయాలని 2007లో బిల్లు తెచ్చారు. తర్వాతా మళ్లీ మళ్లీ తెచ్చారు. అది గట్టెక్కనే లేదు.

పని ఇలా విదేశాలకు పోవడం దీర్ఘకాలంలో దేశ ఆర్థిక వ్యవస్థకు లాభమేనని చాలామంది ఆర్థికవేత్తలు చెబుతారు. 2004లో అధ్యక్షుడు బుష్ సలహాదారు గ్రెగరీ మాన్‌క్యూ ఆ మాట బహిరంగంగా అని తిట్లు తిన్నాడు. హైటెక్ సిటీ మొదటి టవర్ 1998లో తెరుచుకున్నాక ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలిగిందో నేను రోజూ అవతలి గొంతుల్లో విన్నాను, ఆ లాభాన్ని కాదనను. కానీ వచ్చిన లాభంలోంచి నష్టపోయినవాళ్లకు ఇస్తామన్న వాటా ఎక్కడుంది? విదేశీ పోటీ వల్ల పని పోయినవాళ్లకు శిక్షణ, భృతి ఇచ్చే పథకం 1962 నుంచీ ఉండేది, కానీ అది వస్తువులు తయారుచేసేవాళ్ల కోసం. ప్రోగ్రామర్లలాంటి సేవారంగం వాళ్లను పూర్తిగా చేర్చింది 2009లో. 2022 జులై వచ్చేసరికి ఆ పథకం గడువే తీరిపోయింది.

ఆవిడ వెళ్లిపోయింది. షీటంతా ఆకుపచ్చ. మార్చి ఆఖరున, క్వార్టర్ ఎండ్ రాత్రి, బ్యాచ్ సాక్ సెవెన్‌తో పడిపోయింది. అంకెలుండాల్సిన చోట అంకెలు కానిదేదో ఉందని దానర్థం. గుంటూరు అబ్బాయి నా ముందు ఒక్కడే, అవతల కుర్రాళ్లందరూ. రన్‌బుక్‌లో లేదు. లాగ్‌లో తెలియడం లేదు. అక్కడ తెల్లవారింది.

"అన్నా, ఆమెకు ఒక్క కాల్ చేద్దామా?"

"చెయ్యకూడదు. లీగల్ వాళ్లు చెప్పారు."

అప్పుడు వరంగల్ కుర్రాడు కేటీ రికార్డింగులు తీసి ఒక్కొక్కటే వినడం మొదలుపెట్టాడు, లైను కట్ చేయకుండానే. ఆవిడ గొంతు హైదరాబాద్ నుంచి వచ్చి ఆవిడ కూర్చున్న గదిలోనే నా నోట్లోంచి పలికింది. చాలాసేపటికి ఆ మాట దొరికింది: పాత పాలసీల్లో కొన్నిటికి ఏజెంట్ కోడ్ చోట ఖాళీలుంటాయి, క్వార్టర్ ఎండ్‌కు ముందు వాటిని సున్నాలు చేసే చిన్న జాబ్ ఒకటుంది, దాన్ని చేత్తో సబ్మిట్ చేయాలి, నేనెప్పుడూ మధ్యాహ్నమే చేసేస్తాను. ఎక్సెల్ షీటులో దానికి వరస లేదు. ఎవరూ అడగకపోయినా చెప్పి వెళ్లింది.

జాబ్ నడిచింది. బ్యాచ్ మళ్లీ కదిలింది.

"అన్నా, ఈ రికార్డింగులు డిలీట్ కాకుండ చూడు," అన్నాడు కుర్రాడు. "ఇంక పదేండ్లు పనికొస్తయి."