నాలుగు నక్షత్రాలు

2019లో నాలుగో అఖిల భారత చేనేత గణన జరుగుతున్న రోజులు. వేటపాలెంలో ఒక నేత ఇంటికి అమెరికా నుంచి కొడుకు సెలవు మీద వచ్చాడు.

మర్నాడు పొద్దున్నే సైన్సు మాస్టారు అతన్ని చూడటానికి వచ్చారు. రిటైరై చాలా కాలమైంది. ఆ కుర్రాణ్ణి బడి వదిలాక సారస్వత నికేతనానికి తీసుకెళ్లి, మొదటి పుస్తకం చేతిలో పెట్టింది ఆయనే. ఆ గ్రంథాలయం 1918లో పుట్టింది. దాని భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. ఊళ్లో ఒకటి రెండు తరాల పిల్లలకు అది రెండో బడి.

ముందుగదిలో గుంటమగ్గం, వసారాలో రాట్నం. మగ్గంలో తండ్రి, రాట్నం ముందు తల్లి. కొడుకు మాస్టారికి కుర్చీ వేసి, తను మంచం మీద కూర్చున్నాడు.

"ఏరా, అక్కడ నువ్వేం చేస్తావో నాకు అర్థమయ్యేట్టు చెప్పు" అన్నారు మాస్టారు.

కొడుకు మొదలుపెట్టబోయాడు. రాట్నం కిర్రుమంటోంది.

"అమ్మా, కాసేపు అది ఆపు. మాట వినబడటం లేదు."

ఆమె ఆపింది. అప్పటికి చుట్టిన కండెలు బుట్టలో వేసి, భర్త చేతికి అందేచోట పెట్టి, టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

"వర్జీనియాలో న్యూపోర్ట్ న్యూస్ అని ఊరుంది మాస్టారూ. అక్కడ జెఫర్సన్ ల్యాబ్. ఎలక్ట్రాన్లను పరుగెత్తించి, వాటితో గామా కిరణాలు పుట్టిస్తాం. ఆ కిరణాలను ద్రవ హైడ్రోజన్ మీదికి వదులుతాం. సున్నాకు 253 డిగ్రీల దిగువన ఉంటుంది అది."

"హైడ్రోజన్ అంటే ప్రోటానేగా."

"అంతే. దెబ్బ తగిలిన ప్రోటాన్ ఒక్కోసారి ఉబ్బిపోతుంది. లోపలి క్వార్కులు పైమెట్టు ఎక్కుతాయి. దాన్నే రెజొనెన్స్ అంటాం. అది నిలవదు, వెంటనే విడిపోతుంది. విడిపోయేటప్పుడు మీసాన్లు బయటికొస్తాయి. ఆ మీసాన్లను లెక్కపెట్టడం నా పని."

"ఎంతసేపు నిలుస్తుంది?"

"సెకనును లక్ష కోట్ల భాగాలు చేయండి. అందులో ఒక్క భాగాన్ని మళ్లీ లక్ష కోట్ల భాగాలు చేయండి. అలాంటివి నాలుగైదు."

మాస్టారు కళ్లద్దాలు తీసి పంచెతో తుడుచుకున్నారు.

"మరి ఎలా చూస్తారు దాన్ని?"

"చూడం. ఎవరూ చూడలేరు. అది వదిలిన మీసాన్ అయస్కాంతంలో ఎంత వంగింది, డిటెక్టర్‌ను ఎంతసేపట్లో చేరింది, ఈ రెండూ కొలుస్తాం. అప్పుడు దాని బరువు తెలుస్తుంది. బరువు తెలిస్తే అది పయానో కేయానో తెలుస్తుంది. ఏ శక్తి దగ్గర, ఏ కోణంలో ఎన్ని వచ్చాయో గడులు గీసి నింపుతాం. ఒకచోట లెక్క పెరిగిందనుకోండి, అక్కడ ఏదో ఉన్నట్టు. అదైనా తేలిగ్గా తేలదు. రెజొనెన్సులు ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోయి ఉంటాయి. వాటిని విడదీయాలి."

ముందుగదిలో నాడె అటూ ఇటూ తిరుగుతోంది. తండ్రి ఒక కండె అయిపోగానే ఖాళీది తీసి, బుట్టలోంచి నిండుది తీసి పెట్టుకుంటున్నాడు. తలెత్తటం లేదు.

"మొదటిది దొరికింది షికాగోలో" అన్నాడు కొడుకు. "1952లో ఫెర్మీ బృందం పయాన్లను ప్రోటాన్ల మీదికి కొట్టింది. డెల్టా బయటపడింది. ఆ తర్వాత చాలా దొరికాయి. క్వార్కుల సిద్ధాంతం వచ్చాక చిక్కొచ్చిపడింది. సిద్ధాంతం ప్రకారం ఉండాల్సినవి ఎక్కువ, దొరికినవి తక్కువ. మిగతావాటికి తప్పిపోయిన రెజొనెన్సులని పేరు పెట్టారు."

"సిద్ధాంతమే తప్పేమో."

"అలా అన్నవాళ్లూ ఉన్నారు. 1980లో కోనియుక్, ఇస్గుర్ అనే ఇద్దరు వేరే మాట చెప్పారు. అవి ఉన్నాయి, మీరు చూసిన పద్ధతిలో తప్పుందన్నారు. అప్పటిదాకా చాలావరకు అందరూ పయాన్లతో కొట్టి, పయాన్లనే లెక్కపెట్టారు. పయాన్‌తో పెద్దగా పొత్తులేని రెజొనెన్స్ ఆ లెక్కకు ఎలా అందుతుంది?"

మాస్టారు తలూపారు. "వీధి గుమ్మం దగ్గర కూర్చుని ఇంట్లో ఎంతమందున్నారో లెక్కపెడితే, పెరటి గుమ్మంలో మసిలేవాళ్లు లెక్కకు రారు."

"సరిగ్గా అదే మాస్టారూ! మేం పెరటి గుమ్మం దగ్గర నిలబడ్డాం. గామా కిరణాలతో కొట్టి, కేయాన్ కోసం చూశాం. కేయాన్, దాంతోపాటు లాంబ్డా అనే కణం. అప్పుడు బయటపడింది ఎన్ 1900. ప్రోటాన్‌కు రెట్టింపు బరువు. అన్నాళ్లూ అక్కడే ఉంది."

"ఉందని లోకం ఒప్పుకుందా?"

"మాకు నక్షత్రాలుంటాయి. కణాల పట్టికలో ఒక నక్షత్రం ఉంటే అనుమానం, నాలుగుంటే నిర్ధారణ. ఎన్ 1900కి 2010లో రెండే. 2018కి నాలుగు."

సెకనులో అంత చిన్న ముక్కకు మించి బతకనిదానికి నాలుగు నక్షత్రాలంటే చిన్న గౌరవం కాదు. మాస్టారి ముఖం వెలిగింది.

"ఇందులో అన్నిటికంటే కష్టమేంటిరా?"

కొడుకు ముందుకు వంగాడు.

"పట్టుబడినవి లెక్కపెట్టడం కష్టం కాదు. డిటెక్టర్‌కు కన్ను ఆననిచోట్లుంటాయి. అక్కడినుంచి ఎన్ని జారిపోయాయో కూడా లెక్కగట్టాలి. నాకు ఎక్కువ కాలం దానికే పట్టింది. అది వదిలేస్తే మిగతాదంతా ఎంత బాగా చేసినా కొలత కొలత కాదు. లేదని రాసేముందు, మనం చూడలేదా, నిజంగా లేదా అని తేల్చుకోవాలి. మా గైడ్ మొదటిరోజే చెప్పిన మాట ఇది."

ఇంతలో మగ్గం చప్పుడు ఆగిపోయింది. బుట్టలో కండెలు అయిపోయాయి.

"చూశారా, మీరొచ్చారని నాన్న కూడా మగ్గం ఆపేశాడు" అన్నాడు కొడుకు.

మాస్టారు గుంటలో ఉన్న మనిషికి నమస్కారం పెట్టారు. ఆయన తిరిగి నమస్కారం పెట్టి, ఖాళీ బుట్ట కేసి చూసి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

తల్లి టీ తెచ్చింది. ఇద్దరికీ ఇచ్చి, బుట్ట తీసుకుని రాట్నం ముందు కూర్చుంది. కొడుకు ఇంకా మాట్లాడుతున్నాడు. ఆమె చక్రం మీద చెయ్యి పెట్టి ఆగింది. ఆమె కుడిచేతి చూపుడువేలి మీద నూలు పోగు ఒరిసి ఒరిసి పడిన గాడి ఉంది. పసుపు రాసుకున్నప్పుడల్లా పసుపు ఆ గాడిలోనే నిలిచిపోతుంది.

అప్పుడొచ్చాడు గణన మనిషి.

"చేనేత గణనండీ. ఇంటి వివరాలు కావాలి."

"మావాడు చెబుతాడు, రాసుకోండి" అన్నాడు తండ్రి గుంటలోంచి. "వాడు చదువుకున్నవాడు."

కొడుకు లేచి గుమ్మం దగ్గరికి వెళ్లాడు.

"మగ్గాలెన్ని?"

"ఒకటి."

"సొంతమా, షావుకారుదా?"

"సొంతమే."

"ఏం నేస్తారు?"

"కుప్పడం చీరలు."

"నేసేవాళ్లు ఎంతమంది?"

"నాన్న ఒక్కడే."

అతను రాసుకుని తర్వాతి గడికి వచ్చాడు.

"అనుబంధ పనివాళ్లు ఉన్నారా? అంటే ఆసు పోసేవాళ్లు, పడుగు అతికేవాళ్లు, కండెలు చుట్టేవాళ్లు. వాళ్లకు వేరే లెక్క ఉందండీ."

"లేరు. కూలికి ఎవర్నీ పెట్టుకోలేదు."

అతను వసారాలోకి తొంగిచూశాడు.

"మరి అమ్మగారు?"

"అమ్మ ఏ పనీ చెయ్యదండీ. ఇంట్లోనే ఉంటుంది."

గణన మనిషి ఆ గడిలో సున్నా వేసుకుని పక్కింటికి వెళ్లాడు.